పాత కారుకు మంచుకన్నా ఉప్పే ముప్పు
చలికాలమంతా షెడ్డులోనే బండి – ఆసామికి మాత్రం చేతినిండా పని

చలికాలం వచ్చిందంటే అమెరికా ఉత్తర రాష్ట్రాలలో, కెనడాలో, బ్రిటన్‌లో కొన్ని వేల కార్లు రోడ్ల మీద కనిపించకుండా పోతాయి. అవి చెడిపోయిన కార్లు కావు. యజమానులు తుడిచి, మెరుగుపెట్టి, ఇంట్లో మనిషిలా చూసుకునే పాతకాలపు కార్లు. 30 ఏళ్ళవి, 50 ఏళ్ళవి, నూరేళ్ళు దాటినవి కూడా వాటిలో ఉంటాయి. అక్టోబరు నెలాఖరుకు షెడ్డులోకి వెళ్ళిన బండి మళ్ళీ ఏప్రిల్‌లోగాని బయటికి రాదు. ఈ ఐదారు నెలలూ బండికి విశ్రాంతి. బండిగల ఆసామికి మాత్రం ఏడాదిలోకెల్లా ఎక్కువ పని ఉండే రోజులివే.

మన రైతు ఎండాకాలంలో నాగలి, కాడి, బండి చక్రాలు సరిచూసుకుని ఏరువాకకు సిద్ధమవుతాడు. అక్కడి పాతకార్ల ప్రియులు చలికాలాన్ని అలా వాడుకుంటారు. వీరంతా కోటీశ్వరులేమీ కారు. తాత నడిపిన కారును పారేయడానికి మనసొప్పనివాళ్ళు, చిన్ననాడు వీధిలో చూసిన కారు మీద మోజు తీరక పెద్దయ్యాక కొనుక్కున్నవాళ్ళు, ఉద్యోగ విరమణ చేసి పానా చేతపట్టినవాళ్ళు వీరిలో చాలామంది.

రోడ్డు మీద ఉప్పు

కారును దాచేది చలికి భయపడి అనుకుంటే పొరపాటు. అసలు భయం ఉప్పు. ఆ దేశాలలో రోడ్ల మీద పడిన మంచు గడ్డకట్టి గాజుపలకలా జారుతుంది. బళ్ళు అదుపు తప్పుతాయి. ఉప్పునీరు మామూలు నీటికంటే ఎక్కువ చలిలోగాని గడ్డకట్టదు కాబట్టి, లారీలతో రాతి ఉప్పు తెచ్చి రోడ్ల మీద చల్లుతారు. సున్నాకు దిగువన 9 డిగ్రీల దాకా ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 1941–42 చలికాలంలో దీన్ని పద్ధతిగా ప్రారంభించింది. యుద్ధానంతరం దేశమంతటా పాకింది. ఇప్పుడు ఆ ఒక్క దేశంలోనే రోడ్ల మీద చల్లే ఉప్పు ఏటా సుమారు 2 కోట్ల టన్నులు.

మనుషుల ప్రాణాలు కాపాడే ఈ ఉప్పు ఇనుమును తింటుంది. తుప్పు పట్టడానికి నీరు, గాలి చాలు. నీటిలో ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. చక్రాలు ఎగజిమ్మిన ఉప్పునీరు మడ్‌గార్డుల లోపలి మడతల్లోకి, తలుపుల కింది బోలు రేకుల్లోకి, బ్రేకు గొట్టాల మీదికి చేరుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు జల్లెడైపోతుంది. సముద్రపుగాలి తగిలే ఊళ్ళలో ఇంటిమీది రేకులు, కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మన తీరప్రాంతాల వారికి తెలియనిది కాదు. రొయ్యల చెరువుల్లో గాలి మరలు బిగించినవారికి మరీ బాగా తెలుసు.

1980ల తర్వాత వచ్చిన కార్లలో చాలావాటి రేకుకు జింకు పూత ఉంటుంది. అంతకు ముందరి కార్లకు ఆ రక్ష లేదు. ఉప్పు రోడ్ల మీద కొద్ది చలికాలాలు తిరిగితే చాలు, వాటి అడుగు రేకులు చేతికి పొడిపొడిగా రాలిపోయేవి. లక్షలలో తయారైన మోడళ్ళు ఇవాళ వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగలడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అమెరికా కార్ల పరిశ్రమకు పుట్టినిల్లు డెట్రాయిట్. ఆ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పుగని ఉంది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో తవ్వడం మొదలుపెట్టిన ఆ గనిలో ఇప్పటికీ ఉప్పు తీస్తున్నారు. అది పోయేది ముఖ్యంగా రోడ్ల మీదికే. పైన కార్లు పుట్టించిన ఊరే కిందనుంచి వాటికి చేటు తవ్వి పంపుతోందన్నమాట.

పూర్వం అన్ని కార్లకూ ఇదే గతి

చలికాలం కారును లోపల పెట్టడం ఇప్పటి షోకు కాదు. 1919 ప్రాంతంలో అమెరికాలో తయారైన కార్లలో పదింట తొమ్మిది పైకప్పు, అద్దాలు సరిగా లేని తెరిచిన బళ్ళే. పల్లె రోడ్ల మీద మంచు తీసే నాథుడు లేడు. అందుచేత అప్పట్లో చాలామంది చలికాలం రాగానే రేడియేటరులో నీళ్ళు వదిలేసి, కారును చెక్కదిమ్మల మీదికెత్తి, టైర్లు ఊడదీసి ఇంట్లో దాచి, మళ్ళీ గుర్రపుబండి ఎక్కేవారు. 1920ల చివరికి మూసిన కార్లు ఎక్కువయ్యాయి, రోడ్లూ బాగుపడ్డాయి. అప్పటినుంచే కారు ఏడాది పొడవునా తిరిగే వాహనమైంది.

నీళ్ళు వదిలేయడానికి కారణముంది. నీరు గడ్డకడితే వందకు సుమారు 9 వంతులు ఉబ్బుతుంది. ఇంజను లోపల ఉబ్బితే పోత ఇనుము పగులుతుంది. ఒక్క రాత్రి మరచిపోతే ఇంజను పోయినట్లే. 1920లలో ఎథిలిన్ గ్లైకాల్ అనే ద్రవం బజారులోకి వచ్చాక ఈ బెడద తగ్గింది. దాన్ని నీటితో సగానికి సగం కలిపితే సున్నాకు దిగువన 35 డిగ్రీల చలికి కూడా గడ్డకట్టదు. అయితే అది తియ్యగా ఉండే విషం. కింద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకి చస్తాయి. అందుకే దాన్ని మార్చిన రోజున నేల శుభ్రంగా కడుగుతారు.

దాచడంలోనూ ఒక పద్ధతి

షెడ్డులో తోసి తాళం వేస్తే అయిపోయిందనుకోవడం కొత్తవాళ్ళు చేసే పని. అనుభవమున్నవారు వారం పది రోజులముందే మొదలుపెడతారు.

మొదట కారును పైనా కిందా కడిగి, బాగా ఆరేదాకా ఎండలో నడిపి తెస్తారు. తరువాత ఇంజను ఆయిలు మారుస్తారు. వసంతంలో ఎలాగూ మార్చాలి కదా అని ఊరుకోరు. వాడిన ఆయిలులో ఇంధనం మండగా పుట్టిన ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి. అవి ఆరు నెలలు కదలకుండా ఉంటే బేరింగులను కొరుకుతాయి. కాబట్టి నిద్రపుచ్చేముందే కొత్త ఆయిలు పోసి, కొద్దిసేపు ఇంజను తిప్పి, అంతటా పాకనిస్తారు.

పెట్రోలు ట్యాంకును అంచుదాకా నింపుతారు. ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, చలికి ఆ గాలిలోని తేమ నీటి బొట్లుగా మారి అడుగున చేరి తుప్పు పుట్టిస్తుంది. పెట్రోలు నిలవ ఉంటే జిగురు కట్టి కార్బొరేటరు సన్న రంధ్రాలను మూసేస్తుంది. అలా కాకుండా కొన్ని చుక్కల మందు కలుపుతారు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందువల్ల ఈ జాగ్రత్త ఇంకా పెరిగింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరుస్తుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో 10 శాతం ఇథనాల్ పెట్రోలు మామూలు పెట్రోలైంది. అప్పటినుంచి అక్కడి పాతకార్లవాళ్ళు ఎక్కువ ధర పెట్టి 5 శాతం మించని రకాన్నే కొంటున్నారు.

బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకుంటారు, లేదా సన్నగా చార్జి ఎక్కించే పరికరం తగిలిస్తారు. నిండా చార్జి ఉన్న బ్యాటరీ ఎంత చలికైనా తట్టుకుంటుంది. చార్జి అయిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే గనుక అది కొద్దిపాటి చలికే గడ్డకట్టి పగులుతుంది.

హ్యాండు బ్రేకు వేయరు. వేస్తే నెలల తరబడి బ్రేకు షూ డ్రమ్ముకు అతుక్కుపోతుంది. చక్రాలకు చెక్క అడ్డుపెడతారు. క్లచ్ ప్లేటు అతుక్కోకుండా పెడలును నొక్కి ఉంచి ఒక కర్ర ఆనిస్తారు. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెడతారు, లేదా బండిని జాకీతో లేపి దిమ్మల మీద నిలుపుతారు. లేకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు అక్కడ చదునైపోతుంది.

ప్లాస్టిక్ పట్టా కప్పరు. అది తేమను లోపలే బంధిస్తుంది. గాలి ఆడే నూలు గుడ్డ కప్పుతారు. ఇక ఎలుకలు. వెచ్చగా ఉండే చోటు కోసం అవి సైలెన్సరు గొట్టంలోకి, ఎయిర్ ఫిల్టరులోకి దూరి గూళ్ళు కడతాయి, వైర్లు కొరుకుతాయి. గొట్టం మూతిలో ఉక్కుపీచు కుక్కుతారు. మరిచిపోయి స్టార్టు చేయకుండా గుర్తుకోసం స్టీరింగుకు ఎర్రగుడ్డ కడతారు. ఏమేమి విప్పారో, ఎక్కడెక్కడ ఏం కుక్కారో ఒక కాగితం మీద రాసి సీటు మీద పెట్టేవారు కూడా ఉన్నారు.

అయిదు నిమిషాల నష్టం

ఇంత చేసినవాళ్ళు కూడా ఒకచోట పొరపడుతుంటారు. వారానికోసారి షెడ్డులోకి వెళ్ళి, సెల్ఫ్ కొట్టి, అయిదు నిమిషాలు ఇంజను తిప్పి, బండి బాగుందని తృప్తిపడతారు. బండికి ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పెట్రోలు మండితే పొగతోపాటు నీటి ఆవిరీ వస్తుంది. ఇంజను బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. అయిదు నిమిషాలకు వేడెక్కదు. నీరంతా సైలెన్సరులో, ఆయిలులో మిగిలిపోతుంది. తిప్పితే అరగంట రోడ్డు మీద నడపాలి, లేకుంటే అసలు ముట్టుకోకూడదన్నది అనుభవజ్ఞుల మాట. మూసిన షెడ్డులో ఇంజను ఆడిస్తే వచ్చే విషవాయువు మనిషి ప్రాణానికే ముప్పన్నది వేరే సంగతి.

బల్లమీద కార్బొరేటరు

బండి లోపలికి చేరాక అసలు పని మొదలవుతుంది. ఎండాకాలమంతా నడిపేటప్పుడు వినిపించిన కిర్రుచప్పుళ్ళు, కనిపించిన ఆయిలు మరకలు ఒక పుస్తకంలో రాసుకుని ఉంటారు. సాయంత్రం నాలుగు గంటలకే చీకటిపడే ఆ రోజుల్లో ఒక్కొక్కటే చేపడతారు. కార్బొరేటరు విప్పి ఇంట్లో బల్లమీద పరిచి కడగడం, పాయింట్లు సరిచేయడం, బ్రేకులు విప్పిచూడడం, సీట్ల లోపలి స్ప్రింగులు మార్చి కొత్త తోలు కుట్టించడం వంటివి ఇంట్లోనే చేసుకుంటారు. టింకరింగు, రంగు, క్రోమియం పూత, ఇంజను బోరు వంటివి నిపుణుల దగ్గరికి పంపుతారు. ఆ పనివారి దగ్గర ఈ నెలల్లో బళ్ళు వరుసకడతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రేకును చేత్తో కొట్టి వంపు తేగలిగిన మనిషి, కార్బొరేటరు చప్పుడు విని లోపం చెప్పగలిగిన మెకానిక్కు ముసలివాళ్ళవుతున్నారు. కంప్యూటరు తగిలించి తప్పు కనిపెట్టడం నేర్చిన కుర్రవాళ్ళకు ఈ పని తెలియదు. కారు మిగిలినా దాన్ని బాగుచేసే చెయ్యి మిగలకపోతే అది బొమ్మే. ఇది గ్రహించే అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు మెక్‌ఫర్సన్ కళాశాల పాతకార్ల పునరుద్ధరణను డిగ్రీ చదువుగా నేర్పుతోంది. బ్రిటన్‌లోనూ అప్రెంటిస్ శిక్షణ ఇస్తున్నారు. కొన్ని క్లబ్బులవాళ్ళు చలికాలం శనివారాల్లో ఒకరి షెడ్డులో కలుసుకుని, ఒకరి బండిని అందరూ విప్పి, పిల్లలకు దగ్గరుండి చూపిస్తారు.

విడిభాగాల వేట మరో సరదా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం హర్షీ పట్టణంలో 1955 నుంచి అక్టోబరులో పెద్ద సంత జరుగుతుంది. పశువుల సంతలో పళ్ళు చూసి ఎద్దును కొన్నట్లు, అక్కడ తుప్పు గీకి చూసి దీపం బుడ్డీలు, హారన్లు, గేరుబాక్సులు బేరమాడతారు. చలికాలపు పనికి కావలసిన సరంజామా చాలామంది అక్కడే సమకూర్చుకుంటారు. పారిస్‌లో 1976 నుంచి జరుగుతున్న రెట్రోమొబైల్ ప్రదర్శన కూడా చలి రోజుల్లోనే. అమెరికాలోనే వేడి ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో జనవరిలో పెద్ద పెద్ద వేలంపాటలు జరుగుతాయి. అక్కడి పొడిగాలిలో బతికిన కార్లకు తుప్పు తక్కువ కనుక గిరాకీ ఎక్కువ.

చలిలోనూ నడిపే మొనగాళ్ళు

అందరూ దాచుకుంటారని కాదు. ఇంగ్లండులో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున వందలాది పురాతన కార్లు లండన్ నుంచి సముద్రతీరాన ఉన్న బ్రైటన్‌కు సుమారు 60 మైళ్ళు ప్రయాణం చేస్తాయి. 1905కు ముందు తయారైన బళ్ళకే ఇందులో ప్రవేశం. చాలావాటికి పైకప్పు లేదు, ముందు అద్దం లేదు. వాన పడితే తడవవలసిందే. 1896 నవంబరు 14న మోటారు బళ్ళకు వేగపరిమితి గంటకు 14 మైళ్ళకు పెంచి, బండికి ముందు ఒక మనిషి నడవాలన్న నిబంధన ఎత్తేసినందుకు ఆ రోజు జరిపిన యాత్రకు గుర్తుగా ఇది సాగుతోంది. దాన్ని ముగించుకుని చాలా బళ్ళు షెడ్డు చేరతాయి.

తిరిగి బయటికి తీసేటప్పుడు కూడా తొందరపడరు. మంచు కరిగినంత మాత్రాన తలుపు తెరవరు. రెండు మంచి వానలు కురిసి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయేదాకా ఆగుతారు. ఏరువాకకు రైతు వాన కోసం చూసినట్లే వాళ్ళూ ఆకాశం వైపు చూస్తారు.

మనదేశంలో తలకిందులు

మనదేశంలో పరిస్థితి సరిగ్గా తలకిందులు. ఇక్కడి పాతకార్లకు ఎండాకాలం గడ్డు, వానాకాలం ఇంకా గడ్డు. చలికాలమే బండి బయటికి తీసే కాలం. ది స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964 నుంచి, కలకత్తాలో 1968 నుంచి నిర్వహిస్తూ వచ్చిన పాతకార్ల ర్యాలీలు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే జరుగుతాయి. అక్కడివాళ్ళు చలికాలంలో చేసే పనిని మనవాళ్ళు వానాకాలంలో చేస్తారు.

మన హైదరాబాదులో చౌమహల్లా పాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ పసుపురంగు రోల్స్‌రాయిస్ కారును చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న బండి అది. 1911లో ఆయన మరణించడంతో ఏడో నిజాం కాలంలో నగరం చేరింది. ఉత్సవాలకు తప్ప బయటికి తీయకపోవడం వల్ల అది తిరిగింది కొద్ది వందల మైళ్ళే. అంత తక్కువ తిరిగినా దశాబ్దాలపాటు మూలబడి పాడైపోయింది. నిపుణులు శ్రమపడి మళ్ళీ ఈ రూపానికి తెచ్చారు. వాడకం వల్ల అరిగే బండికన్నా వాడక చెడే బండే ఎక్కువనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

15కు, 50కి మధ్య

పాత వాహనాల విషయంలో కేంద్రప్రభుత్వం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని కార్లను, మోటారు సైకిళ్ళను వింటేజి వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. నెంబరు పలకమీద వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. రుసుము 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్ళు. గడువు పొడిగించడానికి 5 వేలు. ఈ బండిని బాడుగకుగాని, రోజువారీ ప్రయాణాలకుగాని వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్ళవచ్చు.

50 ఏళ్ళ బండికి గౌరవం దొరికింది, సంతోషమే. కాని సొంత కారుకు 15 ఏళ్ళు నిండగానే రిజిస్ట్రేషన్ తిరిగి చేయించుకోవాలి. 15కు, 50కి మధ్య 35 ఏళ్ళున్నాయి. ఆ 35 ఏళ్ళు బండిని తుక్కుకు వేయకుండా నిలిపినవాడే 50వ ఏట దాన్ని చూపగలడు. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. జావా, యెజ్డీ మోటారు సైకిళ్ళు చేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. 1970ల తొలినాళ్ళ అంబాసిడర్లు, జీపులు, బుల్లెట్లు ఇప్పటికే 50 దాటాయి. వాటిలో కొన్ని మన పల్లెల్లో గడ్డివాముల పక్కన, చింతచెట్ల కింద పట్టా కప్పుకుని ఉన్నాయి. తూకానికి అమ్మేస్తే వచ్చేది ఇనుము ధర. ఆపైన కావాలన్నా దొరకదు.

కారు లేనివారికీ పనికొచ్చేది

ఈ జాగ్రత్తలు కారుగల వారికే పరిమితం కాదు. ఒక పంటకు వాడి మరో పంటదాకా పక్కన పెట్టే ఆయిలింజను, స్ప్రేయరు, పవర్ టిల్లరు, ట్రాక్టరు అన్నీ ఇలాగే చెడతాయి. పెట్టేముందు ఆయిలు మార్చడం, ట్యాంకు నింపడం, బ్యాటరీ విప్పడం, తేమ చేరని చోట నిలపడం, సైలెన్సరు మూతి కప్పడం, ఎలుకలకు దారి మూయడం వల్ల మళ్ళీ పనికి తీసేనాటికి మెకానిక్కు కోసం పరుగెత్తే అవసరం ఉండదు. పెట్రోలుతో నడిచే చిన్న స్ప్రేయర్లకు మాత్రం నెలల తరబడి పక్కన పెట్టేముందు ట్యాంకు పూర్తిగా వంపేసి, ఇంజను దానంతటది ఆగేదాకా తిప్పడం మేలు. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కాబట్టి పాత మోటారు సైకిలు ఉన్నవారు రబ్బరు పైపులు, వాషర్లు ఏడాదికోసారైనా చూసుకోవాలి.

పాత ఇంజను చప్పుడు పట్టిన మెకానిక్కులు మన పట్టణాల ఆటోనగర్లలో ఇంకా ఉన్నారు. పక్కన చేరి పాయింట్లు సరిచేయడం నేర్చుకునే కుర్రవాళ్ళు కావాలి. అమెరికాలో దాన్ని ఫీజు కట్టి నాలుగేళ్ళు చదువుకుంటున్నారు. ఇక్కడ అడిగితే నేర్పుతారు. వారి షెడ్డు తలుపు మూసుకోకముందే అడగాలి.